పెద్ద గుమాస్తాగారి పీట

నరసన్నపేట బజారులో మాది బట్టల కొట్టు. పెద్దదేం కాదు గాని, పెళ్లిళ్ల రోజుల్లో చుట్టుపక్కల పల్లెల జనంతో కాలుపెట్ట సందుండదు. మా నాన్నగారి హయాం నుంచీ గల్లాపెట్టె పక్కన పీటమీద పెద్ద గుమాస్తాగారు కూచునేవారు. నేను ఆయన్ని బాబాయిగారూ అనేవాణ్ణి. ఏ వూరి ఆసామీ ఎంత బాకీయో చిట్టా తియ్యకుండా చెప్పేవారు.

2017 జూలైలో జీఎస్టీ వచ్చింది. లెక్కలన్నీ కంప్యూటరు కెక్కాయి. ఆయనకా, చూపు మందగించింది. రెండుసార్లు తప్పు బిల్లులు వెళ్లాయి. ఆయన్ని అక్కణ్ణించి దింపక తప్పదు. ఆ మాట ఇప్పటికీ అంటాను. కాని ఎలా దింపానో వినండి. ఓ సోమవారం ఆయన వచ్చేలోగా పీట తీయించేసి, బల్లా కుర్చీ వేయించి, డిగ్రీ చదివిన కుర్రవాణ్ణి కూచోబెట్టాను. మొహం చూపించలేక, సరుకు పని ఉందని శ్రీకాకుళం చక్కాపోయాను. నేను యజమానినట!

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆయన దుప్పట్లు మడతపెడుతున్నారు.

"జీతం తగ్గుతుందా బాబూ?"

"అబ్బే, పైసా తగ్గదండీ."

"మరైతే నాతో చెప్పడానికి భయమెందుకేసింది? చెబితే నేనే లేచేవాణ్ణి గదా!"

రాత్రి అన్నం వడ్డిస్తూ మా ఆవిడ, "మావయ్యగారుంటే ఇలా చేసేవారా?" అంది. అన్నం సహించలేదు.

మా బావ ప్లీడరు. సర్కారు ఉద్యోగి హోదాను శిక్షగా తగ్గించాలంటే, రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం మామూలుగా ముందు నేరమేమిటో చెప్పి, విచారించి, అతని మాట వినాలట. 1957లో రైల్వే ఉద్యోగి పురుషోత్తంలాల్ ధింగ్రా కేసులో సుప్రీంకోర్టు, తాత్కాలికంగా ఎక్కిన పదవినుంచి దింపినంతలో శిక్ష కాదనీ, అసలు హోదాలో జీతమో సీనియారిటీయో కోసినా, ముందు ప్రమోషనుకు అడ్డుపడినా శిక్షేననీ తేల్చిందట. ధింగ్రా ఓడిపోయాడు. "నీ గుమాస్తాకు ఆ అధికరణం వర్తించదు, బతికిపోయావు" అన్నాడు బావ. బతికిపోయినట్టు నాకు తోచలేదు.

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. తప్పుబిల్లుల సంగతి, నా పిరికితనం సంగతి, రెండూ చెప్పేశాను. మీరేం చేస్తారో మీరే చెప్పండన్నాను. చాలాసేపు వూరుకుని, "బాకీల వసూలు నాకు వదిలెయ్యి. నాకు కనబడనివి అంకెలు, మనుషులు కనబడతారు. అయితే ఆ మాట పనివాళ్లందరి ముందూ నువ్వే చెప్పాలి" అన్నారు.

చెప్పాను. పీట గుమ్మం పక్కన వేయించాను. వచ్చారు, కూచున్నారు. నన్ను మాత్రం ఆర్నెల్లపాటు 'షావుకారుగారూ' అనే పిలిచారు.