చలనములో శాంతి

మనస్సునకు శాంతి కావలెనన్నచో కదలక మెదలక కూర్చుండవలెనని పెద్దలు చెప్పుదురు. కన్నులు మూసికొని, ఒక మూల కూర్చుండి, ఆలోచనలను అణచుకొనవలెనందురు. ఇది కొందఱికి సాధ్యము. కాని ఆగినంతనే పడిపోవు వస్తువులును లోకమున కలవు. సైకిలు అట్టిది. సాగుచున్నంతసేపే అది నిటారుగా నిలుచును, ఆగినచో ఒరిగిపోవును. సంతూరు అను వాద్యమున పలుకు స్వరము కూడ ఇంచుమించుగా అట్టిదే. ఈ రెండింటివలన నేను పొందిన సుఖమును గూర్చి ఇచట చెప్పదలచితిని.

మా తండ్రిగారు గోదావరి మండలములోని ఒక పల్లెటూరి బడిలో ఉపాధ్యాయులు. మా యింటినుండి బడి ఆరు కిలోమీటర్ల దూరము. కాలువగట్టు వెంబడి ఆ దూరమును వారు ముప్పది యేండ్లు సైకిలుమీదనే పోయి వచ్చిరి. దారిపొడవునను ఏదో ఒక త్యాగరాజ కీర్తనను కూనిరాగముగా తీయుట వారి అలవాటు. సాయంకాలము గట్టు మలుపున ఆ రాగము వినబడినంతనే వారి రాక మా కందఱకు తెలిసెడిది.

వారు పోయిన సంవత్సరము మా యింట సంగీతము మూగవోయినది. పుట్టినది మొదలు నేను విన్న ప్రతి కీర్తనలోను వారి గొంతే వినబడెడిది. రేడియోలో పల్లవి ఆరంభము కాగానే మా అమ్మ లేచి లోపలికి పోయెడిది. నేను రేడియో కట్టివేసెడివాడను. రాత్రులు నిద్ర పట్టెడిది కాదు. పగలు తరగతిలో పాఠము చెప్పుచు వాక్యము నడుమ ఆగిపోయెడివాడను.

అట్టి దినములలో నాతో పనిచేయు యువకుడొకడు, "మాస్టారూ, ఇందులో మాటలు లేవు. ఒక్కసారి వినండి" అని ఒక రికార్డు వినిపించెను. దాని పేరు 'కాల్ ఆఫ్ ది వ్యాలీ', అనగా 'లోయ పిలుపు'. అది 1967లో వెలువడినది. అందు శివకుమార్ శర్మ సంతూరును, హరిప్రసాద్ చౌరసియా వేణువును, బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటారును వాయించిరి. కాశ్మీరు లోయలో ఒక గొఱ్ఱెలకాపరి గడపు ఒక దినమును, తెల్లవారుజాము మొదలు రాత్రివఱకు, ఆయా వేళలకు తగిన రాగములతో చిత్రించుట అందలి ఉద్దేశము.

నేను కర్ణాటక సంగీతము వినుచు పెరిగినవాడను. ఆ హిందుస్థానీ బాణి నాకు క్రొత్త. క్రొత్తదగుటయే నాకు మేలయినది. ఆ స్వరములకు మా యింటితో చుట్టరికము లేదు. అవి ఏ జ్ఞాపకమును తట్టి లేపలేదు. చిరుచినుకులు చెఱువునీటిపై పడినట్లు ఒక స్వరము పడును. దాని అలలు అణగిన పిదపనే వేఱొక స్వరము పడును. వినుచుండగా నా ఊపిరియు నెమ్మదించినది. ఎన్నో దినముల తరువాత ఆ రాత్రి కంటినిండ నిద్ర పట్టినది.

పిదప ఆ వాద్యమును గూర్చి తెలిసికొంటిని. సంతూరు కాశ్మీరులో సూఫీ సంగీతమునకు వాడుకలో నున్న వాద్యము. చెక్కపెట్టెపై సుమారు నూరు తంత్రులు బిగించియుండును. రెండు తేలికయైన కఱ్ఱపుల్లలతో వానిని మీటుదురు. వీణలోవలె తంత్రిని వ్రేలితో లాగి గమకము పలికించుటకు వీలులేదు. పుల్ల తగిలిన క్షణమున ధ్వని పుట్టును, మఱుక్షణముననే సన్నగిల్లును. అందుచేత శాస్త్రీయ సంగీతమునకు ఇది పనికిరాదని పలువురు ఆక్షేపించిరి. 1938లో జమ్మూలో జన్మించిన శివకుమార్ శర్మ, తండ్రియగు ఉమాదత్త శర్మ ప్రోత్సాహముతో ఈ వాద్యమును చేపట్టెను. 1955లో బొంబాయి సభలో దానిని వినిపించెను. అంతటితో తృప్తిపడక, ఏండ్ల తరబడి వాద్యమును సంస్కరించి, పుల్లలను తంత్రులపై మృదువుగా జార్చుచు, కంటికి కనబడనంత చిన్న తాకిడులతో, సన్నగిల్లుచున్న స్వరమును నిలుపు విద్యను సాధించెను. 2022లో ఆయన కీర్తిశేషుడగునాటికి సంతూరు దేశదేశముల వేదికల కెక్కినది.

ఒకనాడు మా అమ్మ, "నాయనా, నాన్నగారి సైకిలు వసారాలో తుప్పు పట్టిపోవుచున్నది. ఎవరికైన ఇచ్చివేయుము, లేదా నీవైన ఎక్కుము" అన్నది. ఇచ్చివేయుటకు నాకు చేతులు రాలేదు. దానిని బజారులోని సైకిలు షాపునకు నడిపించుకొని పోతిని. క్రొత్త టైర్లు, ట్యూబులు, చైను వేసి, నూనె పోయగా సైకిలు తేటపడినది. మఱునాటి వేకువనే గట్టుమీదికి పోతిని.

ఆ సుఖమును ఏమని చెప్పుదును! నడచువాడు పడు శ్రమతోనే సైకిలుపై వానికి మూడు రెట్ల వేగముతో పోవచ్చును. అయినను, దారిలోని దేదియు మనకు తప్పిపోదు. కాలువనీటి చల్లదనము, తడిసిన మట్టివాసన, వరిమళ్లలో కొంగల గుంపు, చైను చేయు సన్నని సవ్వడి: అన్నియు మనతో కూడ వచ్చును.

ఈ సులభమైన సాధనము ఒక్కనాట పుట్టలేదు. 1817లో జర్మనీలో కార్ల్ ఫన్ డ్రైస్ అను నతడు రెండు చక్రముల కఱ్ఱబండిని చేసెను. దానికి పెడలులు లేవు. నేలను కాళ్లతో తన్నుచు పోవలసినదే. 1860 తరువాత ఫ్రాన్సులో ముందుచక్రమునకు పెడలులు అమర్చిరి. 1885లో ఇంగ్లండునందు జాన్ కెంప్ స్టార్లీ, చక్రములు రెండును ఇంచుమించు సమానముగా నుండి, చైనుతో వెనుకచక్రము తిరుగు సైకిలును నిర్మించెను. 1887లో బెల్ ఫాస్టు నగరమున పశువైద్యుడగు డన్లప్, తన కుమారుని మూడుచక్రముల బండికొఱకు గాలి నింపిన టైరును తయారుచేసెను. నేటి సైకిలు రూపము ప్రధానముగా నాటిదే.

సైకిలు నేర్చువారికి మొదట చెప్పవలసిన మాట యొకటి కలదు. సైకిలు ఎడమకు ఒరుగుచున్నపుడు చక్రమును ఎడమకే త్రిప్పవలెను. భయపడి కుడికి త్రిప్పినచో పడుట నిశ్చయము. పడబోవు వైపునకే మెల్లగా తిరిగినచో సైకిలు తనంతట తానే లేచి నిలుచును. నేను ఇంతకాలము నా దుఃఖమునకు ఎదురుదిక్కునకే చక్రమును త్రిప్పుచుంటినని గట్టుమీద పోవుచుండగా నాకు తోచినది.

ఒక ఉదయమున ఆ రికార్డులోని ప్రభాతరాగమును కూనిరాగముగా తీయుచు ఇంటికి వచ్చుచుంటిని. గట్టు మలుపు వద్ద ఆ రాగము, నా ప్రయత్నము లేకయే, మా తండ్రిగారు పాడు చక్రవాకరాగ కీర్తనలోనికి ఒదిగిపోయినది. హిందుస్థానీలో అహీర్ భైరవ్ అని పిలుచు ఆ రాగమునకును, మన చక్రవాకమునకును స్వరములు ఒక్కటియేనట! పరాయిదనుకొని ఆశ్రయించిన రాగము నన్ను మరల మా యింటికే తెచ్చినది. నేను పాట ఆపలేదు. గుమ్మమున నిలిచి వినుచున్న అమ్మ ఈసారి లోపలికి పోలేదు. "ఆ రెండవ పాదము నాన్నగా రట్లు పాడరు" అని తానే సన్నని గొంతుతో ఎత్తుకొని చూపినది. ఆమె కన్నులలో నీరున్నది, పెదవులపై నవ్వున్నది.

విద్యార్థులారా! దుఃఖములేని జీవితము లేదు. కలత చెందని మనస్సును లేదు. పరీక్ష తప్పినపుడు, స్నేహితుడు దూరమైనపుడు, ఇంట లోటు కలిగినపుడు, ఒరిగిన వైపునకే కొంచెము తిరిగి, మెల్లగా ముందునకు సాగుడు. సైకిలునకు ఒక త్రోవ చాలును. సంగీతమునకు తెఱచిన చెవి చాలును. ఈ రెండును వేగమును గాక నిలకడను నేర్పును. ఆ నిలకడ మాత్రము ఆగినవానికి దొరకదు, సాగువానికే దొరకును.