పరిగెలు

మా జేజిది ఆత్మకూరు పక్క పల్లె, అమ్మమ్మది ఉదయగిరి దుర్గం కింద ఊరు. వేలెడంత చేపకు ఆ రెండిళ్లలో రెండు పేర్లు. జేజి పరిగె అనేది, అమ్మమ్మ పక్కె అనేది. వెండి పొలుసు, తోక మొదట్లో కాటుకతో దిష్టిచుక్క పెట్టినట్టు ఒక నల్లమచ్చ. పేరేదైనా చేప అదే.

సోమశిల డ్యాం ఇంకా కడుతున్న రోజులవి. మాది మెట్ట ప్రాంతం, వాన మీదే బతుకు. మా చెరువులు నిండేది ఆశ్వయుజ కార్తీకాల్లో వాయుగుండాలు పట్టినప్పుడే. చెరువు నిండి కలుజు, అంటే అలుగు, పారుతోందని తెలిస్తే చాలు, ఊరంతా కట్ట మీదికి చేరేది. పారే నీళ్లకు ఎదురెక్కుతూ పరిగెలు గుంపులు గుంపులుగా వచ్చేవి. నేనూ మా చిన్నాయన కొడుకూ తువ్వాలకు చెరోవైపు పట్టుకుని మోకాటిలోతు నీళ్లలో నిలబడేవాళ్లం. ఒక్కసారిగా పైకెత్తితే నీళ్లు కారిపోయి, గుడ్డలో పరిగెలు తళతళా ఎగిరిపడేవి.

అసలు పండగ మాత్రం ఎండాకాలంలో. చెరువు అడుగంటాక, వేలంలో పాట పాడుకున్నవాళ్లు వలలు దించి కొరమీనులు, వాలుగలు తట్టలకెత్తి తీసుకుపోయేవాళ్లు. ఆ తరవాత మిగిలింది ఊరిది. ఆడా మగా, పిల్లా పెద్దా బురదలోకి దిగేవాళ్లు. ఊతలున్నవాళ్లు ఊతలతో, లేనివాళ్లు ఉత్త చేతులతో. ఎవరి చేతికి చిక్కింది వాళ్లది. సెంటు భూమి లేని ఇంట్లో కూడా ఆ రాత్రి పులుసు వాసన వచ్చేది.

"కోతలైనాక చేలో రాలిన ఎన్నులు ఏరుకుంటే అదీ పరిగే, పెద్ద చేపలు పొయినాక చెరువులో మిగిలిందీ పరిగే. రెండూ వొంగినోళ్లయిరా అబ్బోడా" అనేది జేజి.

పరిగెలు తెస్తే మొదటి పని ఆమెదే. గరుకు బండ మీద పోసి, గుప్పెడు బూడిద చల్లి, అరచేత్తో గుండ్రంగా రుద్దేది. పొలుసంతా బూడిదతో వచ్చేసేది. ఒక్కోదాని పొట్ట బొటనవేలితో నొక్కి పేగు తీసేది. నీళ్లు తేటగా వచ్చేదాకా కడుగుతూనే ఉండేది. మట్టి చట్టిలో చిక్కటి చింతపండు పులుసు, అందులో పుల్లటి మామిడికాయ ముక్కలు. చేపలు వేశాక గరిట పెట్టనిచ్చేది కాదు. గుడ్డతో చట్టినే పట్టుకుని మెల్లగా తిప్పేది. ఆ పులుసు రాత్రి కంటే మర్నాడు పొద్దున సంగటిలోకి ఇంకా బాగుండేది. ముల్లుతో సహా నమిలి మింగేవాళ్లం. నెల్లూరు చేపల పులుసు అంటే ఇవాళ హోటల్లో వడ్డించే పెద్ద ముక్కే అందరికీ గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆ చట్టే గుర్తొస్తుంది.

చిన్న చేపకు ఇంటి పేర్లు పెట్టుకోవడం మనకొక్కరికే ఉన్న అలవాటు కాదు. ఇంగ్లండు వాగుల్లో స్టికిల్‌బ్యాక్ అనే వేలెడంత ముళ్ల చేప ఉంది. పిల్లల నోట్లో అది టిటిల్‌బ్యాట్ అయింది. 1836లో మొదలైన 'పిక్విక్ పేపర్స్' నవల తొలి పేజీల్లోనే డికెన్స్ ఆ మాట వాడాడు. ఇక మన దగ్గర, విశాఖపట్నంలో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు అక్కడి రెండు వందల చేపల బొమ్మలు వేయించి, స్థానికులు పిలిచే పేర్లతో సహా 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. అలా అచ్చులోకి ఎక్కిన మాట ఎప్పటికైనా దొరుకుతుంది. మా ఇంట్లో పరిగెను కాపాడింది మాత్రం జేజి నోరే.

ఇప్పుడు చెరువుల్లో కట్ల, రోహు పిల్లలు వదులుతున్నారు. పెంపకం గుంటల్లోనైతే పిల్ల వదిలే ముందు ఇప్పచెక్క వేసి, అంతకుముందున్న చేపలను చంపేస్తారు. మేతకు పోటీ వస్తాయని. ఆ లెక్కలో పరిగెల పేరు కలుపు చేపలు. అప్పు చేసి గుంట తవ్వుకున్న రైతు బాధ నాకు తెలుసు, అతన్ని తప్పుపట్టను. కానీ ముల్లుతో సహా తినే చిన్న చేపలో ఎముకకు కావలసిన కాల్షియం ఉంది. కొనలేని ఇంటికి అది ఊరి చెరువు నుంచి ఊరికే అందేది. అంతమందికి కూడైన దాన్ని కలుపు అనడానికి నాకు నోరు రాదు.

ఈసారి వానలకు ఆత్మకూరు వైపో ఉదయగిరి వైపో వెళ్తే, పారుతున్న కలుజు దగ్గర కాసేపు ఆగండి. తోక దగ్గర చుక్క ఉన్న చేప కనిపిస్తే, పక్కనున్న పిల్లలకు చూపించి పేరు చెప్పండి. పరిగె అన్నా సరే, పక్కె అన్నా సరే.