ఆకలి ఉన్నవారు బల్లకు దూరంగా ఉండకూడదు



ఈ శ్రమకాల దినాల్లో మా బౌరంపేటలోని కతోలిక కుటుంబాలను చూసి మేము ఒక సంగతి నేర్చుకుంటున్నాము. మనం లెంట్ అనే దినాలను వారు తపస్సుకాలం అంటారు. శుక్రవారాల్లో మాంసం ముట్టరు. సిలువ మార్గం చేస్తారు. గురువుగారి దగ్గర పాపసంకీర్తనం చేసుకుని, సిద్ధపడి దివ్యసత్ప్రసాదం తీసుకుంటారు. మాకు తెలిసిన ఒక అమ్మ పనిరోజుల్లో కూడా ఆటో ఎక్కి పూజకు పోతుంది. "ఇంత దూరం ఎట్లా పోతున్నవమ్మా?" అని అడిగితే, "ఆకలైతే దూరం చూస్తమా అయ్యగారూ!" అన్నది.

మన సంఘాల సంగతి ఆలోచించండి. చాలా చోట్ల నెలకొకసారి, మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఇస్తాము. వాక్యం అయిపోగానే కొందరు మెల్లగా లేచి చెప్పులు వేసుకుంటారు. "ఇంట్ల గొడవైంది అయ్యగారూ, ఈ నెల వద్దు" అంటారు. అట్లా ఏళ్ల తరబడి బల్ల ముట్టనివారు ఉన్నారు. భక్తి లేక కాదు, భయంతో. అయోగ్యంగా తింటే శిక్ష వస్తుందని 1 కొరింథీ 11వ అధ్యాయం చూపిస్తారు.

బల్ల విషయంలో కతోలికులకు, మనకు భేదం ఉంది. రొట్టె, ద్రాక్షారసం నిజంగా క్రీస్తు శరీర రక్తములుగా మారతాయని వారి విశ్వాసం. అందుకే పవిత్ర గురువారం రాత్రి సత్ప్రసాదం ముందు మోకరించి మెలకువగా ఉంటారు. మనం అట్లా చేయము. 1529లో మార్బర్గులో లూథరు, జ్వింగ్లీ కూడా ఈ సంగతిమీద ఏకాభిప్రాయానికి రాలేదు.

అయితే బల్లకు దూరంగా ఉండే అలవాటు మాత్రం వారిలోనూ ఉండేది. ఏడాదికి ఒక్కసారైనా ఈస్టరుకు తీసుకోవాలని 1215లో లాతరాను మహాసభ ఆజ్ఞ పెట్టవలసి వచ్చింది. ఘోరపాపంలో లేక, మంచి ఉద్దేశంతో వచ్చేవారు ప్రతిదినం కూడా తీసుకోవచ్చని 1905లో పోపు పదవ పయస్ కాలంలో రోము ప్రకటించింది. మన వైపు జాన్ వెస్లీ 1787లో ప్రచురించిన ప్రసంగంలో ఇదే భయానికి జవాబిచ్చాడు. దేవుని ఏ కనికరానికీ మనం యోగ్యులం కాము, అంతమాత్రాన కనికరాన్ని వద్దంటామా అన్నది ఆయన వాదన. 1924లో ప్రతిష్ఠించిన మన మెదక్ గుడిని కట్టించిన పాస్నెట్ దొరగారు ఆ వెస్లియన్ మిషనుకు చెందినవారే.

పౌలు చెప్పినది జాగ్రత్తగా చదవండి. నిన్ను నీవు పరీక్షించుకుని ఇంటికి పో అనలేదు. పరీక్షించుకుని, తిను అన్నాడు. ఇక కొరింథులో జరిగిన తప్పేమిటి? ఉన్నవారు ముందుగా తినేశారు, లేనివారు ఆకలితో మిగిలారు. అందుకే ఒకరికోసం ఒకరు ఆగండని 33వ వచనంలో అంటున్నాడు.

ఈ మాట మా ఊరికి బాగా తగులుతుంది. విల్లాల్లో ఇంటిపని చేసే అక్కలకు, కట్టుబడి పనికి పోయే తమ్ముళ్లకు ఆదివారం సెలవు ఉండదు. పని ముగించుకుని పరుగెత్తుకుంటూ వచ్చేసరికి గిన్నెలు కడిగేసి ఉంటే, వారికి సంఘం ఏమి చెప్పినట్టు? అందుకే ఈ శ్రమకాలంలో మేము వారు వచ్చేదాకా ఆగి, ఆరాధన చివర బల్ల ఇస్తున్నాము. ముందురోజు శనివారం సాయంత్రం, గొడవలున్న ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేస్తున్నాము.

ప్రియులారా, మీరు కూడా శనివారమే సమాధానపడండి. అలిగిన అన్నకు ఫోన్ చేయండి, కోడలితో మాట్లాడండి. ఆదివారం చెప్పులు వేసుకోకండి, ముందుకు రండి.

ప్రభువా, నీ బల్లకు భయపడి దూరమైనవారిని నీవే చెయ్యిపట్టి తీసుకురా. ఆలస్యంగా వచ్చేవారికోసం ఆగే మనసు మాకు దయచేయుము. ఆమేన్.