పొద్దెక్కితే పులుపే!

వరంగల్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో స్టేషన్ ఘన్‌పూర్ దాటాక ఓసారి బస్సు కిటికీలోంచి బయటికి చూడండి. పొలం గట్ల మీద, చెరువు కట్టల కింద తాటిచెట్లు వరస కట్టి కనిపిస్తాయి. చెట్టు మొదట్లో సైకిలో మోటారు బండో ఆనించి ఉందంటే పైన గౌడన్న ఉన్నట్టే! నడుముకు మోకు, వెనక కత్తులు పెట్టుకున్న ముత్తాదు, కొమ్మల మధ్య లొట్టి... ఓరుగల్లు పల్లెల్లో పొద్దు పొడిచేది ఇలాగే.

గౌడన్నకు అంత తొందరెందుకు? ఎందుకంటే కల్లుకు ఓ గడియారం ఉంది. గెల కొసను సన్నగా చెక్కితే కారేది తియ్యటి రసం. అందులో పదింట ఒక వంతుకు అటూ ఇటూగా చక్కెరే. లొట్టిలో పడీ పడగానే గాలిలో, కుండ గోడల్లో ఉండే ఈస్టు పని మొదలెడుతుంది. తెల్లారేసరికి నురగ, కాస్త మత్తు. మధ్యాహ్నానికి ఘాటు. మర్నాటికి పులిసి వెనిగర్ దారి పడుతుంది. అందుకే రుచి తెలిసినవాళ్లు చెట్టు కిందికే వెళ్లి, తాటాకు రేక పట్టి తాగుతారు. పోద్దాడా, పండుదాడా అన్నది కూడా నాలుకతోనే చెప్పేస్తారు!

బీరుకు ఈ తిప్పలు తక్కువ. చేదునిచ్చే హాప్స్ పూలు అందులో కలుపుతారు. చెడగొట్టే సూక్ష్మజీవుల్ని చాలావరకు అవే అడ్డుకుంటాయి. అయితే ఆ పూలకూ గాలి, వేడి పడవు. నిల్వ బాగా లేకపోతే చేదు తగ్గి, పాత జున్ను వాసన వస్తుంది. అందుకే ఇంట్లో బీరు కాచుకునే విదేశీయులు వాటిని గాలి చొరని సంచుల్లో కట్టి ఫ్రీజర్లో దాస్తారు. మన కల్లుకు ఆ పూలూ లేవు, ఆ కాపలా లేదు. సున్నం పూసిన కుండలో పడితే పులియడం ఆలస్యమవుతుంది. చల్లగా ఉంచినా అంతే. నీరా తయారీ కిటుకు ఇదే. హైదరాబాద్‌లో 2023లో నీరా కేఫ్ తెరిచింది కూడా ఈ తియ్యదనాన్ని నమ్ముకునే.

చిక్కంతా పట్నం దాహంతోనే. చెట్టు ఇచ్చేది లొట్టెడు, పట్నం అడిగేది ట్యాంకరెడు! దూరం మోసుకెళితే పులిసిపోయే సరుకును రోజంతా, ఏడాదంతా ఒకే మత్తుతో అమ్మాలంటే ఎలా? అక్కడే అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మందులు చొరబడ్డాయి. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ మందులకు అలవాటు పడ్డవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, పిచ్చిచూపులు, మూర్ఛ... చెట్టు కల్లుకు ఆ లక్షణాలు అంటగట్టడం అన్యాయం.

అన్యాయమే మరి! ఒక్క లొట్టి దించడానికి గౌడన్న ప్రాణాన్ని మోకుకు కడతాడు. చెట్టు మీంచి పడి నడుములు విరిగినవాళ్లు ఎందరో. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికులకు రక్షణ కిట్లు ఇవ్వడం మొదలెట్టింది అందుకే. ఈ వృత్తికి పౌరుషమూ తక్కువేం కాదు. ఇదే దారిలో రఘునాథపల్లి దగ్గరున్న ఖిలాషాపూర్ కోట సర్వాయి పాపన్నది. కల్లుగీత కులంలో పుట్టిన ఆయన 1708లో ఏకంగా వరంగల్ కోట మీదికే దండెత్తి నగరాన్ని కొల్లగొట్టాడు. 1710లో మొగలులకు చిక్కి ప్రాణాలు వదిలాడు.

కల్లు తాగమని ఈ కథ చెప్పడం లేదు. మత్తు మత్తే. కానీ ఓ చిన్న లెక్క గుర్తుంచుకోండి. నిజమైన కల్లు రోజు గడిస్తే పులుస్తుంది. సాయంత్రానికీ, మర్నాటికీ ఒకేలా తియ్యగా, ఒకేలా మత్తుగా ఉందంటే... అది చెట్టు ఎక్కి దింపింది కాదు!