ఒకటిన్నర అంగుళం

విమానం టికెట్టు కొనేటప్పుడు మనవాళ్ళు చూసేవి ముచ్చటగా మూడు. రేటెంత, మధ్యలో ఎంతసేపు పడిగాపులు పడాలి, పెట్టెలు ఎన్ని తీసుకెళ్ళనిస్తారు. మూడోది మరీ ముఖ్యం, ఎందుకంటే అందులో సగం బరువు ఆవకాయదీ కారప్పొడులదీను. (ఆవకాయ గురించి నేనేమీ అనను. దాని పుణ్యాన హోటలు గదుల్లో బతికి బయటపడ్డవాణ్ణే.) ఈ మూడింటి కింద చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంటుంది. బోయింగ్ 777-300ఈఆర్ అనో, ఎయిర్‌బస్ ఏ350-900 అనో. దాన్ని చదివినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు. నన్నడిగితే అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే!

ఆఫీసు పనుల మీద ఏడాదికి నాలుగైదుసార్లు సముద్రాలు దాటుతుంటాను. ఎప్పుడూ ఎకానమీయే. మనకి బిజినెస్ క్లాసు ఇచ్చే కంపెనీ ఇంకా పుట్టలేదు. ఇన్ని తిరుగుళ్ళలో నాకర్థమైంది ఏంటంటే, పదిహేను గంటల ప్రయాణంలో ఎయిర్‌లైన్‌తో మనకుండే సంబంధం మహా అయితే రెండు గంటలు. అన్నం పెట్టినప్పుడు, ట్రేలు తీసినప్పుడు. మిగతా పదమూడు గంటలూ మన కాపురం సీటుతోనే. మైళ్ళ కార్డు చూసుకుని మురిసిపోయేవాళ్ళకి ఒక మాట: 2015లో డెల్టా, యునైటెడ్ రెండూ మైళ్ళని దూరాన్నిబట్టి కాకుండా టికెట్టు డబ్బుని బట్టి ఇవ్వడం మొదలెట్టాయి. చవక టికెట్టు మీద భూమి చుట్టూ తిరిగినా పెద్దగా పోగయ్యేదేమీ లేదు. కాబట్టి ఆ విశ్వాసమేదో కంపెనీ మీద కాకుండా విమానం మీద చూపిస్తే నడుముకైనా మంచిది.

777 సంగతే తీసుకోండి. 1995లో అది వచ్చిన కొత్తల్లో ఎకానమీలో ఎక్కువమంది వరసకి తొమ్మిది సీట్లే వేసేవారు. సీటు వెడల్పు సుమారు పద్దెనిమిదిన్నర అంగుళాలు. తరవాత ఎవరికి తట్టిందో మహానుభావుడికి, అదే వరసలో పదో సీటు ఇరికించవచ్చని! ఇప్పుడు చాలా కంపెనీల్లో 3-4-3 వరస. సీటు పదిహేడు అంగుళాల దగ్గరకి వచ్చేసింది. విమానం పొట్ట అంగుళం కూడా పెరగలేదు. మన ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు గుర్తొస్తోందా? సూపర్ లగ్జరీలో రెండూ రెండూ, పల్లెవెలుగులో మూడూ రెండూ. బస్సు వెడల్పు రెంటికీ దాదాపు ఒకటే. తేడా అల్లా పల్లెవెలుగువాడు ఆ సంగతి దాచడు, టికెట్టూ ఆ లెక్కనే తీసుకుంటాడు.

ఒకటిన్నర అంగుళమే కదా అంటారేమో. మధ్య సీట్లో కూర్చుని, రెండుపక్కలా మనలాంటి పుష్టిగలవాళ్ళు ఉంటే, పదహారు గంటల్లో ఆ ఒకటిన్నర అంగుళం విలువేంటో భుజాలు చెప్తాయి. ఎయిర్‌లైన్ వైపు నుంచి చూస్తే ఇది లెక్కల ప్రశ్న. ఎకానమీలో ముప్ఫై వరసలుంటే ముప్ఫై టికెట్లు అదనం. ఆ పదో సీటు వల్లే టికెట్లు చవకయ్యాయి అనేవాళ్ళున్నారు. అందులో కొంత నిజముంది కూడా.

787కీ అదే గతి పట్టింది. బోయింగ్‌వాళ్ళు మొదట్లో 2-4-2 అని ఊరించారు. కొన్నవాళ్ళు దాదాపు అందరూ 3-3-3 వేసుకున్నారు. జపాన్ ఎయిర్‌లైన్స్ మాత్రం అంతర్జాతీయ ప్రయాణాలకి వాడే 787ల్లో ఎనిమిదే ఉంచింది, వాళ్ళకో దండం. ఏ350 పొట్ట 787 కంటే అయిదు అంగుళాలు వెడల్పు. అందులో తొమ్మిది వేసినా కాస్త ఊపిరాడుతుంది. ఏ380 అయితే రాజభోగమే, కానీ దాని తయారీ 2021తో ఆగిపోయింది. కొత్తవి రావు.

వీటన్నిటిలో నా ఓటు ఎవరూ పట్టించుకోని ఏ330కి. పాతకాలపు డిజైను, గొప్పలేమీ లేవు. కానీ ఎకానమీలో సాధారణంగా 2-4-2. అంటే కిటికీ పక్కన ఇద్దరే. మొగుడూపెళ్ళాలిద్దరు కూర్చుంటే బాత్‌రూముకి లేవాలన్నా పక్కన నిద్రపోతున్న పరాయివాణ్ణి తట్టి లేపక్కర్లేదు. చెప్పుకోడానికి చిన్న విషయమే. కానీ మా అమ్మ విషయంలో అదే అసలు విషయం అయి కూర్చుంది.

అక్కడికే వస్తున్నా. మా అక్క డాలస్‌లో ఉంటుంది. పురుడు కోసం అమ్మానాన్నలు వెళ్ళాలి. నాన్నకి మోకాళ్ళు, అమ్మకి షుగరు. బావ రెండు టికెట్లు చూసి పంపించాడు. గల్ఫ్ మీదుగా, హైదరాబాదు నుంచి నాలుగు గంటలు, అక్కణ్ణుంచి డాలస్‌కి ఏకబిగిన పదహారు గంటలు. 777, పది సీట్ల వరస. నేను చూసింది ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా. తొమ్మిది గంటలూ, పదకొండు గంటలూ. మొదటిది 787, రెండోది ఏ330. ఇద్దరికీ కలిపి పద్దెనిమిది వేలు ఎక్కువ.

"పద్దెనిమిది వేలకి ఏమొస్తుందిరా?" అన్నాడు బావ. ఆయన పిసినారి కాదు, అక్కడ ఆస్పత్రి బిల్లులు చూస్తున్న మనిషి. "పదహారు గంటలు పట్టుగా కూర్చోకుండా ఉండటం వస్తుంది బావా" అన్నాను. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్ళల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. వయసుతో ఇంకా పెరుగుతుంది. గంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యమని డాక్టర్లు చెప్తారు. కానీ మా అమ్మ పక్కవాళ్ళని లేపమని అడిగే రకం కాదు. మంచినీళ్ళు తాగడం మానేస్తుంది. లేవాల్సి వస్తుందని నీళ్ళు మానేసే అమ్మలు ఎంతమందో! నా పక్క సీట్లలోనే చూశాను. నేను కిటికీ వైపుంటే మధ్యమధ్య ఊరికే లేచి తిరిగేది అందుకే, ఆ వంకతో వాళ్ళూ లేస్తారని.

ఇంకోటి గాలి. విమానం ముప్ఫైఅయిదు వేల అడుగుల్లో ఎగురుతున్నా లోపల గాలి ఒత్తిడిని అంతకంటే తక్కువ ఎత్తులో ఉండేంతకి పెంచి ఉంచుతారు. పాత అల్యూమినియం విమానాల్లో అది ఎనిమిది వేల అడుగుల ఎత్తుతో సమానం దాకా వెళ్తుంది. అంటే ఊటీ కంటే పైన కూర్చున్నట్టు. 787, ఏ350ల ఒళ్ళు ఎక్కువభాగం కార్బన్ ఫైబరు. ఎక్కువ ఒత్తిడికి తట్టుకుంటుంది, తేమకి తుప్పు పట్టదు. అందుకని లోపల ఆరువేల అడుగుల స్థాయిలో ఉంచగలుగుతారు, గాలిలో తేమా కాస్త ఎక్కువ ఉంచగలుగుతారు. దిగాక తలనొప్పి తక్కువనిపిస్తుంది. ఇది నా అనుభవం, అందరికీ గ్యారంటీ ఇవ్వలేను.

కానీ 787 పేరు వినగానే అమ్మ మొహం మాడింది. "అహ్మదాబాద్‌లో పడింది అదే కదురా?" అంది. అదే. 2025 జూన్ 12న ఎయిర్ ఇండియా విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కడు మిగిలాడు. కిందున్న హాస్టలులో పిల్లలూ పోయారు. 2011 నుంచీ ఎగురుతున్న 787కి ప్రాణనష్టం జరిగిన మొదటి ప్రమాదం అదేననీ, రోడ్డు మీద ఆటోలో వెళ్ళడమే ఇంతకంటే ప్రమాదమనీ నాకు తెలుసు. చెప్పాను కూడా. అంకెలతో అమ్మ భయం పోతుందా? "నువ్వు ఎక్కావా దాన్లో?" అని అడిగింది. చాలాసార్లు ఎక్కానన్నాను. "నాతో ఒక్కసారీ చెప్పలేదే" అని అప్పటికప్పుడు ఇంకో గొడవ.

నాకు నచ్చని సంగతి కూడా చెప్పాలి. గల్ఫ్ ఎయిర్‌పోర్టుల్లో మనవాళ్ళకి ఉన్న ధైర్యం యూరప్‌లో ఉండదు. గల్ఫ్ విమానంలో జగిత్యాల, నిజామాబాదు నుంచి పనికి వెళ్ళేవాళ్ళుంటారు, కోనసీమ ఆడవాళ్ళుంటారు. గేటు ఎటని తెలుగులో అడిగితే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని చూపిస్తారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆ భాగ్యం తక్కువ, నడకా ఎక్కువే. అందుకే ఇద్దరికీ వీల్‌చెయిర్ పెట్టించాను. నడవగలిగినవాళ్ళు కూడా వీల్‌చెయిర్ అడుగుతున్నారని విసుక్కునేవాళ్ళున్నారు. నిజంగా నడవలేనివాళ్ళు వాటికోసం గంటసేపు ఎదురుచూడటం నేనూ చూశాను, ఆ కోపం న్యాయమే. నాన్నకి మోకాళ్ళున్నాయి కాబట్టి నా మనస్సాక్షికి ఇబ్బంది లేదు. అమ్మకి కావలసింది మాత్రం కుర్చీ కాదు, దారి చూపించే మనిషి. ఆ మనిషిని అడగడానికి మా టికెట్టు ఫారంలో వేరే గడి లేదు. ఉన్న గడిలోనే టిక్కు పెట్టాను.

మీరూ చూసుకోదల్చుకుంటే, టికెట్టు వివరాల్లో మూడక్షరాల కోడు ఉంటుంది. 77డబ్ల్యూ అంటే 777-300ఈఆర్, 789 అంటే 787-9, 359 అంటే ఏ350-900, 333 అంటే ఏ330-300. కొన్నాక కూడా నెలకోసారి చూస్తుండండి, చెప్పాపెట్టకుండా విమానం మార్చేస్తారు. ఒక కంపెనీ నాకు అలా మార్చి, డబ్బు పెట్టి కొనుక్కున్న ఐల్ సీటుని మధ్య సీటు చేసింది. ఆ డబ్బు వెనక్కి రావడానికి ఏడు మెయిళ్ళు పట్టింది.

అమ్మావాళ్ళ టికెట్టు ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానే తీశాం. ప్రయాణం వచ్చేనెల. నిన్న కూడా చూశాను, రెండోది ఇంకా 333 అనే ఉంది.