మోషన్ టెస్ట్ రాసేవాళ్లేరీ?

నులిపురుగుల నిర్మూలన దినం గురించి రాయమని ఎడిటర్‌గారు పంపారు. బడిలో మాత్రలు మింగించే తతంగం వదిలేసి ఒక ప్రభుత్వాసుపత్రి ల్యాబ్‌లో కూర్చున్నాను.

టెక్నీషియన్ రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. గాజు పలక మీద ఓ పక్క సెలైన్ చుక్క, మరో పక్క అయోడిన్ చుక్క వేశారు. పుల్ల కొసతో పిసరంత మలం తీసి రెండింట్లోనూ కలిపారు. కవర్ స్లిప్ అంచు ఆనించి, బుడగ పడకుండా మెల్లగా వాల్చారు. స్లైడ్‌ని పేపర్ మీద పెట్టి, "కింద అక్షరాలు చదవగలుగుతున్నారా సార్? అంత పల్చగా ఉండాలి" అన్నారు. మైక్రోస్కోప్‌లో కొంకి పురుగు గుడ్డు కనిపించింది: పారదర్శకమైన పెంకు, లోపల నాలుగైదు కణాలు. రక్తం తక్కువై వచ్చిన బడిపిల్ల శాంపిల్ అది.

ఇంతలో పక్కగది కుర్రాడు ఇంకెవరిదో రక్తపరీక్ష రిపోర్టు తెచ్చాడు. ఇయోసినోఫిల్స్ బాగా పెరిగాయి. పెద్దాయన సణిగారు: "ఎలర్జీ అంటారు, సిట్రజిన్ రాస్తారు. మోషన్ టెస్ట్ రాసేవాళ్లేరీ?"

ఎలర్జీ అయినా కావచ్చు. కానీ ఆ ఇయోసినోఫిల్స్, ఐజీఈ యాంటీబాడీలు, మాస్ట్ కణాలే పురుగులు పడ్డప్పుడూ రంగంలోకి దిగేది. బాక్టీరియానైతే తెల్లకణం మింగేస్తుంది. జానెడు దాటిన ఏలికపామును ఏం మింగుతుంది? అందుకే పేగు గెంటేసే పని పెట్టుకుంది. పురుగు వచ్చిన కబురు అందించేవి పేగు పొరలో అక్కడక్కడా ఉండే టఫ్ట్ కణాలని 2016లో ఎలుకల మీద పరిశోధనల్లో తేలింది. అవి ఐఎల్-25 అనే సంకేత ప్రొటీన్ వదులుతాయి. దాంతో పొరకింద ఉండే ఐఎల్‌సీ2 అనే రోగనిరోధక కణాలు ఐఎల్-13 అనే మరో సంకేతాన్ని విడుదల చేస్తాయి. ఇక జిగురు ఊరుతుంది, నీరు చేరుతుంది, కండరాలు గట్టిగా ముడుచుకుంటాయి. పేగు మూలకణాల నుంచి కొత్తగా టఫ్ట్ కణాలూ, జిగురు కణాలూ పుట్టుకొస్తాయి.

ఎలుకల్లో కొన్ని జాతుల పురుగులు దీంతో రోజుల్లోనే బయటపడతాయి. మనిషి పేగులో కొంకి పురుగు మాత్రం ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది. రోగనిరోధక శక్తిని చల్లబరిచే పదార్థాలు వదిలి, నియంత్రణ టీ కణాల్ని తన వైపు తిప్పుకుంటుంది. ఒకసారి వచ్చిపోయింది కాబట్టి మళ్లీ రాదన్న భరోసా లేదు.

నులిపురుగుల దినాల్లో, అంటే ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో ఇచ్చే 400 మి.గ్రా. అల్బెండజోల్ మంచి మందే. లోపలున్న పురుగుల్ని దించుతుంది. ఆ పిల్లే రేపు చెప్పుల్లేకుండా అదే మట్టి తొక్కితే, లార్వా పాదం చర్మంలోంచి దూరుతుంది. మాత్రలు ఎన్ని పంచారన్న లెక్క మన దగ్గర పక్కాగా ఉంటుంది. మింగిన పిల్లకి గుడ్లు తగ్గాయా అని చూసే ఓపికే ఉండదు. అది చూడాలంటే ఇలాంటి కళ్లు కావాలి. కొత్తగా చేరినవాళ్లంతా రక్తపరీక్షల మెషిన్ దగ్గరికే పోతున్నారట.

పిల్ల తల్లి రిపోర్టు కోసం వచ్చింది.

"మాత్ర వేశాక మూడు వారాలకి ఇంకో డబ్బా తెచ్చివ్వమ్మా" అన్నారాయన.

ఆమె తలూపి వెళ్లాక అడిగాను, వస్తుందా అని.

"పదిమందిలో ఇద్దరొస్తే గొప్ప సార్."