దబ్బపండు కోసం కలాబ్రియాకు

ఇటలీ పటంలో బూటు ముందు భాగం కలాబ్రియా. దాని పడమటి తీరంలో కొండలకూ సముద్రానికీ మధ్య సన్నటి పట్టీలా వెచ్చటి నేల. అక్కడ శాంతా మరియా దెల్ చెద్రో అనే ఊరుంది. చెద్రో అంటే దబ్బపండు.

ఏటా జూలై, ఆగస్టు నెలల్లో దూరదేశాల నుంచి యూదు మతగురువులైన రబ్బీలు ఇక్కడి దబ్బతోటలకొస్తారు. పర్ణశాలల పండుగకు యూదులు చేతపట్టే పండు ఇదే. బైబిల్లోని లేవీయకాండం తెలుగు చేసినవాళ్లు దానికి దబ్బపండనే పేరు పెట్టారు. మనకేమో దబ్బకాయంటే ముందు పులిహోర గుర్తొస్తుంది.

ముళ్ల చెట్లు, పొట్టిగా ఉంటాయి. రబ్బీ నేలమీద వంగి ముందుగా చెట్టు మొదలు చూస్తాడు. అంటు కట్టిన ఆనవాలుంటే ఆ చెట్టు పండు పనికిరాదు. నారింజ మీద అంటు కడితే చెట్టు చలికి తట్టుకుంటుంది కాబట్టి, అంటు లేని చెట్టును కాపాడటం రైతుకు కష్టమే. ఆ తర్వాత ఒక్కో పండునూ తిప్పి తిప్పి చూస్తారు. మచ్చ ఉండకూడదు, గీత పడకూడదు. మన పెళ్లిచూపుల్లో కూడా ఇంత పరీక్ష ఉండదేమో! ఎడారిలో ఉండగా మోషే ఈ పండ్ల కోసం ఇక్కడికే మనుషుల్ని పంపాడని హసీదీ యూదుల్లో ఒక కథ ఉంది.

కథ సంగతెలా ఉన్నా, యూదులు ఇక్కడ పాతకాపులే. 1983లో కలాబ్రియాలోని బోవా మరీనా దగ్గర రోడ్డు వేస్తుంటే నాలుగో శతాబ్దపు యూదు ప్రార్థనా మందిరం బయటపడింది. దాని నేలమీది రంగురాళ్ల బొమ్మలో ఏడు కొమ్మల దీపస్తంభం, పక్కన దబ్బపండు. తేదీ వేసి అచ్చయిన తొలి హీబ్రూ పుస్తకం కూడా 1475లో ఇక్కడి రెజ్జోలోనే వెలువడింది. పట్టు వ్యాపారంలో, రంగుల అద్దకంలో వాళ్లది పెద్ద చేయి. 1510లో, మళ్లీ 1541లో స్పెయిన్ పాలకులు వాళ్లను వెళ్లగొట్టారు.

తర్వాత నాలుగు వందల ఏళ్లకు యూదులు పెద్ద సంఖ్యలో మళ్లీ వచ్చింది ఖైదీలుగా. 1940లో ముస్సోలినీ ప్రభుత్వం కలాబ్రియాలోనే తార్సియా దగ్గర ఫెర్రమోంతి నిర్బంధ శిబిరం తెరిచింది. మలేరియా, ఆకలి. అయినా ముళ్లకంచె లోపలే బడి నడిపారు, ప్రార్థనలు చేసుకున్నారు. 1943 సెప్టెంబరులో బ్రిటిష్ సైన్యం వచ్చి విడిపించింది.

మళ్లీ తోటకొస్తే, ఎంపికైన పండ్లను మెత్తగా చుట్టి పెట్టెల్లో సర్దుతారు. రబ్బీలు కాదన్నవాటిని ఊళ్లోవాళ్లు ఉప్పునీళ్లలో ఊరవేసి, తర్వాత పాకం పట్టుకుంటారు.